వినబడతాంది గాని మాట తెలుస్తలేదు

ఆడియోమెట్రీ అనే మాట మా అమ్మకు చివరిదాకా నోరు తిరగలేదు. రైల్వే క్వార్టర్లలో ఎవరైనా అడిగితే "మా సుగుణ గనుల ఆసుపత్రిలో చెవులు సూత్తాది" అని చెప్పేది. నా ఉద్యోగానికి ఇంతకంటే మంచి పేరు నాకూ దొరకలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు చెవులు చూశాను.

ఈమధ్య ఒకమ్మాయి, ఇదే కోర్సు చదివి ఇదే పనిలో చేరబోతున్న పిల్ల, ఫోన్ చేసి "మేడమ్, ఉద్యోగం ఎలా ఉంటుంది" అని అడిగింది. నేను వాడిన యంత్రాలు ఇప్పుడు ఎక్కడా లేవు, వాటి గురించి చెప్పి లాభం లేదు. ప్రమోషన్ల గురించి చెప్పుకోవడానికి అసలే ఏమీ లేదు. చెప్పవలసింది ఒక మనిషి గురించి, అతని విషయంలో నేను చేసిన తప్పు గురించి. అది ఫోన్లో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

గది

మాది బొబ్బిలి దగ్గర పల్లె. బస్తరు కొండల్లోంచి విశాఖకు ఇనుప రాయి మోసే లైనులో మా నాన్న కీమాన్, రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే పని. ఆ లైను పక్క క్వార్టర్లలోనే పెరిగాను. విశాఖలో చెవి పరీక్షల కోర్సు చేసి, గీదం దాటాక కొండ కింద ఉన్న ఒక గనుల టౌన్‌షిప్ ఆసుపత్రిలో చేరాను. చేరేనాటికి ఇరవై మూడేళ్లు. మా విభాగంలో ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషిని నేనే.

ఆసుపత్రి వెనక వరండా చివర నా గది. అందులో బీరువా కంటే కాస్త పెద్దదైన ఇంకో గది, బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు మెత్తలు కొట్టి, చిన్న అద్దం కిటికీ పెట్టిన పెట్టె లాంటిది. కార్మికుణ్ణి లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చి తలుపు వేస్తాను. నేను బయట కూర్చుని ఒక్కో మోతను సన్నగా పంపుతాను. వినబడితే అతను బటన్ నొక్కుతాడు, నా దగ్గర చిన్న లైటు వెలుగుతుంది. ఎంత సన్నని మోతకు వెలిగిందో కాగితం మీద చుక్క పెడతాను. చుక్కలు కలిపితే అతని వినికిడి గ్రాఫ్ వస్తుంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిహేనుమంది వచ్చినా, ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడే అవసరం ఉండేది కాదు. వాళ్లు అద్దం అవతల, నేను ఇవతల. ఐదు గంటలకు గది తాళం వేసి క్వార్టరుకు వెళ్తే అక్కడా మాట ఉండేది కాదు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు ఐదారు కుటుంబాలు వచ్చేవి, బదిలీల మీద అవీ ఒక్కొక్కటే వెళ్లిపోయేవి. పెళ్లి కుదరలేదు. ఆ సంగతికి ఈ కాగితాల్లో పని లేదు. ఈ ఉద్యోగంలో చేరే పిల్లలకు ఎవరూ చెప్పని విషయమని మాత్రం చెబుతున్నాను, దీనిలో నిశ్శబ్దం చాలా ఉంటుంది. అది జీతంతో పాటే వస్తుంది.

గనిలో రాయి తొలిచే డ్రిల్లర్లు నన్ను మోసం చేసేవారు. చెవులు పోయాయని రాస్తే డ్రిల్లు మీద నుంచి తీసేస్తారని భయం. మోత పంపడానికి నేను మీట తిప్పినప్పుడల్లా నా భుజం కొద్దిగా కదిలేదట. అది అద్దంలోంచి చూసి బటన్ నొక్కేవారు. ఏడాది తర్వాత గాని నాకది తెలియలేదు. కుర్చీ పక్కకు తిప్పేసరికి సగం మంది గ్రాఫులు కుప్పకూలాయి.

లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి చుట్ట ఒకటి ఉంటుంది. దాని నిండా నీరు, ఆ నీటిలో కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకల వరసలు. బయటి చప్పుడు ఆ నీటిని కదిలిస్తే వెంట్రుకలు ఊగుతాయి. ఊగినప్పుడు పుట్టే చిన్న విద్యుత్తును నరం మెదడుకు మోసుకుపోతుంది. డ్రిల్లు మోతకు ఏళ్ల తరబడి ఊగి ఊగి ఆ వెంట్రుకలు రాలిపోతాయి. ఒకసారి రాలితే మళ్లీ మొలవవు. మొదట పోయేది కీచు మోతలు వినే వరస. అందుకే డ్రిల్లరు గ్రాఫులో సెకనుకు నాలుగు వేలసార్లు కంపించే కీచు మోత దగ్గర ఒక గుంట పడుతుంది. కొన్నాళ్లకు ఆ గుంట లోతు చూసి, మనిషిని చూడకుండానే ఎన్నేళ్ల సర్వీసో చెప్పేదాన్ని. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముత్తయ్య

నేను చేరిన పదకొండో ఏడు సోడె ముత్తయ్యను ఫోర్‌మన్ నా గదికి పంపాడు. నలభై దాటిన మనిషి, కిష్టారం వైపు దొర్ల తెగవాడు, డ్రిల్లు మీద పదహారేళ్ల సర్వీసు. ఇంట్లో దొర్లి, మా బోటివాళ్లతో తెలుగు, గనిలో హిందీ, సంతలో హల్బీ మాట్లాడేవాడు. ఏటా నా దగ్గరికి పరీక్షకు వచ్చేవాడు కాబట్టి ముఖం తెలుసు.

ఫోర్‌మన్ రాసిన చీటీలో ఉన్నది ఇది. రెండు రోజులు తలనొప్పి అని సెలవు పెట్టాడు. తిరిగొచ్చాక ఏం చెప్పినా చెయ్యడం లేదు, నోటి వంక చూస్తూ నిలబడుతున్నాడు. తాగి లేడు. రాయి పేల్చే ముందు సైరన్ మోగితే మాత్రం అందరికంటే ముందు పరుగెత్తి దాక్కుంటున్నాడు. సైరన్ వినబడుతుంది, నా మాట వినబడదట.

లోపల కూర్చోబెట్టాను. అలవాటైన పరీక్షే కనుక నేనేమీ చెప్పనక్కర లేకపోయింది. ప్రతి మోతకూ లైటు వెలిగింది. నాలుగు వేల దగ్గర ఎప్పటి గుంటే, మిగతా అంతా శుభ్రంగా ఉంది. తర్వాత మాటల పరీక్ష. నేను మైకులో ఒక్కో మాట పలికితే అతను తిరిగి పలకాలి. ఒక్కటీ పలకలేదు. హిందీలో అడిగాను, తెలుగులో అడిగాను. ముఖం చిట్లించుకుని హెడ్‌ఫోన్‌ను చెవులకు గట్టిగా నొక్కుకున్నాడు.

తలుపు తీశాను. అతను మామూలు కంటే కొంచెం గట్టిగా అన్నాడు: "సిస్టర్, వినబడతాంది గాని మాట తెలుస్తలేదు."

పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగకపోతే మనిషి నటిస్తున్నాడేమో చూడమని మాకు కోర్సులో నేర్పారు. మోతలు ఇంత బాగా వింటున్నవాడు మాట ఎలా వినడు? రిపోర్టులో రాశాను: వినికిడి సరిగా ఉంది. సహకరించడం లేదు. వినబడుతోందని తానే ఒప్పుకున్నాడు.

ఆ చివరి వాక్యం రాసినప్పుడు తెలివైన పని చేశాననుకున్నాను.

పెద్ద డాక్టరు దుబే గారు ముత్తయ్యను ఎదురుగా నిలబెట్టి "సునాయీ దేతా హై యా నహీ", వినబడుతోందా లేదా అని మూడుసార్లు అడిగారు. ముత్తయ్య ఆయన పెదాల వంక చూశాడు. దుబే గారు నా వైపు తిరిగితే, గ్రాఫ్ బాగుందని చెప్పాను. ఆయన రాసింది ఒక్క ముక్క, నటన అని. వారంలో సస్పెండ్ చేశారు, నెలలో క్వార్టర్ ఖాళీ చేయించారు. అతని భార్య జోగమ్మ ఆసుపత్రి మెట్ల దగ్గర రెండు రోజులు నిలబడింది. వరండాలో వెళ్తూ చూశాను. ఆగలేదు.

సంత

ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంతకు వెళ్లాను. జోగమ్మ చింతపండు కుప్పలు పెట్టుకుని అమ్ముతోంది. పక్కనే ముత్తయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. చేతిలో బొరుగులు కట్టి ఇచ్చిన పాత తెలుగు పేపరు ముక్క ఉంది. బొరుగులు ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. ఆ ముక్కను మోకాలి మీద సాఫు చేసుకుని, పెదవులు కదిలిస్తూ పైకి చదువుతున్నాడు. ఎక్కడో చెరువు గట్టు తెగిన వార్త. తడుముకోకుండా చదువుతున్నాడు.

అక్కడే ఆగిపోయాను.

"జోగమ్మా, ఈయనకు చదువొచ్చా?"

"వచ్చు. అటు భద్రాచలం దిక్కు హాస్టల్ల ఏడు దాకా సదివిండు."

"మాకెందుకు చెప్పలేదు?"

ఆమె చింతపండు సర్దుతూ అంది: "మీరు అడగలే."

నిజమే. దొర్లవాడు, డ్రిల్లరు. వేలిముద్ర మనిషి అనుకున్నాం. నేనూ అనుకున్నాను, దుబే గారూ అనుకున్నారు. ఆరు నెలల్లో అతనికి ఒక్క మాట కాగితం మీద రాసి చూపించినవాళ్లు లేరు.

సంచిలోంచి పెన్ను తీసి, అతని చేతిలోని పేపరు అంచున రాశాను: "నేను మాట్లాడేది వినబడుతోందా?"

అతను చదివాడు. మళ్లీ చదివాడు.

"వినబడతాంది సిస్టర్. నీ గొంతేనని గుడ తెలుస్తాంది. మాట తెలుస్తలేదు. ఎవరు మాట్లాడినా గంతే, చెట్టు మీద పిట్టలు అరిసినట్టు. అప్పుడు గుడ చెప్పిన నీకు. రాసి చూపియ్యమని అడగాలని నాకే తోచలే."

"ఏ భాషయినా అంతేనా?" అని రాశాను.

"అన్నీ. హిందీ, తెలుగు, హల్బీ, మా దొర్లి. నాలుగూ ఒక్కనాడే పోయినయి. పండుకొని లేసేసరికి లేవు."

నేను లేవబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. అలా ఎప్పుడూ చేసే మనిషి కాదు. భార్య వైపు చూపించి, "దీన్ని అడిగి రాయి. ఆరు నెలల సంది నాతోని ఏమంటాందో రాయి" అన్నాడు.

జోగమ్మను అడిగాను. ఆమె ముందు కొనడానికి వచ్చినవాళ్లకు చింతపండు కట్టిచ్చి పంపింది.

"నా మీద కోపమా అని అడుగు అక్కా" అంది చివరికి. "ముందుగాల తనైనా మాట్లాడేటోడు. ఇప్పుడు అది గుడ బంద్ చేసిండు."

రాశాను. అతను చదివి ఆమె వైపు తిరిగాడు.

"కోపమేంది. నేను అడుగుతా, నువ్వు చెప్తవు, నాకు తెల్వదు. అడిగి ఏం చేద్దునని ఊకున్న."

ఆ తర్వాత నన్ను కదలనివ్వలేదు. పేపరు అంచులు నిండితే టీ కొట్టులో అడిగి ఇంకో కాగితం తెచ్చుకున్నాం. ఊళ్లో ఆవు ఈనిందని, ముత్తయ్య అన్న వచ్చి రెండు రోజులుండి వెళ్లాడని, పక్క గుడిసె ముసలామె ఎలా చనిపోయిందో, ఇంటి కప్పు ఏ మూల కారుతోందో, ఆరు నెలల ఇంటి కబుర్లు అన్నీ ఆమె చెబుతుంటే నేను రాశాను. ఒక్కోటి చదివి అతను తలూపుతున్నాడు, మధ్యలో ప్రశ్నలు వేస్తున్నాడు. వాళ్లన్న వచ్చిన రోజు తనకు గుర్తే. ఎందుకు వచ్చాడో, కంటతడి పెట్టుకుని ఎందుకు వెళ్లాడో ఈ కాగితం మీద చదివేదాకా తెలియలేదు.

క్వార్టరుకు వచ్చాక కూడా నా రిపోర్టులో ఆ చివరి వాక్యం తలలోంచి పోలేదు.

విశాఖ

సెలవు పెట్టి ఇద్దర్నీ విశాఖ తీసుకెళ్లాను. రైల్లో రోజంతా ప్రయాణం. సొరంగాల్లో బండి మోత పెట్టెను నింపేసినప్పుడు ముత్తయ్య కళ్లు మూసుకుని, "ఇది మాత్రం ఎప్పటి లెక్కనే ఉంది" అన్నాడు.

నరాల డాక్టరు గారు నడివయసు దాటినావిడ. నా గ్రాఫ్ చూసి పక్కన పెట్టేశారు. అతని వెనక నిలబడి తాళాల గుత్తి ఆడించారు. "తాళాలు" అన్నాడు. గ్లాసు మీద చెంచాతో కొట్టారు. "గలాసు." వరండాలో ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంటే అటు చెయ్యి చూపించారు. "పిల్ల ఏడుస్తాంది." తర్వాత ఆవిడ అతని వెనకే ఉండి మెల్లగా "నీ పేరేమిటి" అన్నారు. "ఆడమనిషి మాట్లాడతాంది" అన్నాడు. అంతే. అదే ప్రశ్న కాగితం మీద రాసి ఇచ్చారు. "సోడె ముత్తయ్య."

స్కాన్ తీయించి ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూపించారు. మెదడులో రెండు మచ్చలున్నాయి, రెండు చెవుల పై భాగంలో చెరొకటి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. అంతకు ముందు ఏడు అతనికి నాలుగు రోజులు మూతి వంకర పోయి దానంతటదే సర్దుకుందని జోగమ్మ అప్పుడు చెప్పింది. రక్తపోటు ఎక్కువై సన్నని నాళం ఒకటి పూడుకుపోయింది. ఒక వైపు పోయినప్పుడు రెండో వైపు పని నడిపించింది. తలనొప్పి వచ్చిన ఆ రెండు రోజుల్లో అదీ పోయింది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. చెవి వినేది మోతను మాత్రమే. నరం దాన్ని మెదడుకు మోస్తుంది. మోతల్లోంచి మాటల్ని విడదీసి, ఇది ఫలానా మాట అని పట్టుకునే చోటు వేరే ఉంది. మాట్లాడటానికి ఇంకో చోటు ఉంది. చదవడం కంటి దారిన వెళ్తుంది. ముత్తయ్యకు మిగతా దారులన్నీ బాగున్నాయి. విన్న మాటను పట్టుకునే ఆ ఒక్క చోటే పోయింది. భాష ఏదైనా ఆ చోటు దాటే వెళ్లాలి కనుక నాలుగు భాషలూ ఒక్కసారే పోయాయి.

"నా మిషన్ తప్పు చూపించిందా డాక్టర్ గారూ?" అని అడిగాను.

"మిషన్ సరిగానే చెప్పింది. దాన్ని మీరు అడగని ప్రశ్నకు మీరు జవాబు రాసేశారు" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా గుర్తుంది.

ఒక్కో మాటను నిదానంగా, పెదాలు కనబడేలా పలికితే కాలం గడిచేకొద్దీ కొన్ని పట్టుకోగలడని, పూర్తిగా మాత్రం రాదని చెప్పి పంపారు.

నా రిపోర్టు

దుబే గారి గురించి చెడ్డగా రాయలేను. ఆయన చేతుల్లో ఎంతోమంది బతికారు. నలిగిన చెయ్యిని తీసేయకుండా కాపాడటానికి ఆయన పడిన తాపత్రయం కళ్లారా చూశాను. కానీ తెలియదు అనే మాట ఆయన నోట, ఆయన దగ్గర పనిచేసిన అన్నేళ్లలో, నేను వినలేదు. కింది ఉద్యోగుల ముందు అనుమానపడటం ఆయనకు అవమానం. అలాంటి పెద్దల దగ్గర పనిచేస్తే మనమూ అలాగే తయారవుతాం. నేను తయారయ్యాను.

విశాఖ కాగితాలు చూసి ఆయన హిందీలో అన్నారు: "లక్ష మందిలో ఒకరికి రాని జబ్బు. ఇందులో నీ తప్పేముంది? పాత రిపోర్టు అలాగే ఉండనీ, దీన్ని జత చెయ్యి."

"పాతది తప్పని రాస్తాను సర్. ఆ రోజే అతను తన జబ్బు నాకు చెప్పాడు. అది కూడా రాస్తాను."

"రాస్తే రేపు నీ రిపోర్టు ఏదీ ఎవరూ నమ్మరు."

"నమ్మకపోతే పోనివ్వండి సర్."

రాశాను. ఆయన తల ఎత్తకుండా సంతకం పెట్టారు. ఆ తర్వాత రెండేళ్లు పని మాట తప్ప నాతో వేరే మాట లేదు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ తగ్గించారు. అప్పటికే పలచగా ఉన్న నా మాటలు ఇంకా పలచబడ్డాయి. చేసినందుకు చింత లేదు గాని, సులువుగా గడిచిందని చెబితే అబద్ధం అవుతుంది.

ముత్తయ్యను మళ్లీ పనిలోకి తీసుకున్నారు, స్పేర్ పార్టుల స్టోర్లో. అక్కడ అడగడం అంతా చీటీల మీదే. చీటీ చదువుతాడు, సామాను తీసి ఇస్తాడు. ఆ స్టోర్లో అంత శుభ్రంగా పని చేసినవాడు అంతకు ముందు లేడని చెప్పుకునేవారు.

కొత్తగా చేరే పిల్లలకు నాకు తోచింది ఒక్కటే. రిపోర్టు ఫారంలో యంత్రం చెప్పింది రాయడానికి గళ్లు ఉంటాయి. మనిషి చెప్పింది రాయడానికి గడి ఉండదు. ముత్తయ్య తర్వాత నేను ప్రతి ఫారం అంచునా ఆ మనిషి అన్న మాటను అన్నట్టుగానే రాసేదాన్ని. అంచులు పాడు చేస్తున్నానని ఆఫీసులో విసుక్కునేవారు. రిటైరయ్యే రోజుదాకా మానలేదు.

పలక

వాళ్లు టౌన్‌షిప్‌కు తిరిగొచ్చిన వారానికి జోగమ్మ సాయంత్రం పూట నా క్వార్టరుకు వచ్చింది. చేతిలో పలక ఉంది.

"అక్షరాలు నేర్పు అక్కా."

"కబుర్లు ఏమైనా ఉంటే నా దగ్గరికి రండి, రాసిపెడతాను కదా" అన్నాను.

"నువ్వు రాసింది నీ మాట అక్కా. ఇంట్ల ఆయనతోని నేను తెలుగుల ఎన్నడు మాట్లాడిన? నువ్వు రాస్తే ఆయన సదువుతాండు, నీతోని మాట్లాడతాండు. నాతోని కాదు."

ఆమెకు అప్పటికి ముప్ఫై ఎనిమిదో నలభయ్యో. బలపం పట్టుకోవడం రాలేదు, గడ్డపలుగు పట్టుకున్నట్టు పట్టుకునేది. రోజూ ఐదున్నరకు వచ్చేది. నేను టీ పెట్టేదాన్ని. అ నుంచి మొదలుపెట్టి గుణింతాల దాకా రావడానికి నాలుగు నెలలు, ఒత్తులకు ఇంకో మూడు నెలలు పట్టాయి. తప్పు పోతే తన చేతి మీద తనే కొట్టుకునేది. మధ్యలో ఊరి సంగతులు చెప్పేది, నా సంగతులు అడిగేది. ఎందుకు ఒంటిగా ఉన్నావు అక్కా అని ఎవరూ అడగనిది ఆమె నేరుగా అడిగింది. చెప్పాను కూడా. టౌన్‌షిప్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లున్నాను, ఆ ఏడాది సాయంత్రాలు తప్ప ఆ క్వార్టరులో రెండో గొంతు నాకు గుర్తు లేదు. నాలుగున్నర నుంచే గడియారం చూడటం మొదలుపెట్టేదాన్ని.

వానలు వెనకపట్టిన ఒక రోజు ఆమె టీ ముట్టుకోలేదు. పలక ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండా, నాలుక బయటపెట్టి ఒక వరస రాసింది. తుడిచి మళ్లీ రాసింది. తర్వాత పలక నా ముందు పెట్టి, "అక్షరాలు సరిగ ఉన్నయా చూడు" అంది.

చూశాను. ఒత్తులు, దీర్ఘాలు, ఏ ఒక్కటీ వంకర పోలేదు. పైకి చదివాను. దొర్లి మాటలు. ఒక్కటీ నాకు తెలియదు.

"అంతా సరిగ్గా ఉంది" అన్నాను. "ఏం రాశావు?"

జోగమ్మ సిగ్గుపడి నవ్వింది.

"అది ఆయనకు, అక్కా."

అక్షరాలు చెరిగిపోకుండా పలకను రెండు చేతులతో దూరంగా పట్టుకుని మెట్లు దిగింది. గేటు తీయడానికి చేతులు ఖాళీ లేకపోతే నేనే వెళ్లి తీశాను. రోడ్డు మలుపు దాకా ఆమె నడక చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఐదున్నరకు అలవాటు కొద్దీ రెండు కప్పుల టీ పెట్టాను. ఆమె రాలేదు. ఇక నేర్పవలసింది కూడా ఏమీ లేదు.